ఉన్న ఒక్క ప్రతీ పోకముందే

ఇది ముందుగా చెబుతున్న మాట. జరిగాక చెప్పి లాభం లేదు. ఆఫ్రికా విశ్వవిద్యాలయాల్లో 1950ల నుంచి 2000 దాకా సమర్పించిన ఎం.ఏ., పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల్లో చాలావాటికి లోకంలో ఉన్నవి రెండు మూడు ప్రతులే. అవి టైపు మిషన్ మీద కార్బన్ కాగితం పెట్టి కొట్టించి, రెక్సిన్ అట్ట కట్టించినవి. ఒకటి గ్రంథాలయంలో, ఒకటి విభాగంలో, ఒకటి రాసినవారి ఇంట్లో ఉంటాయి. విభాగంలోది ఎవరో చదువుతానని పట్టుకెళ్లి తిరిగివ్వరు. ఇంట్లోది ఇల్లు మారినప్పుడు పాత కాగితాలతో పాటు పోతుంది. చివరికి గ్రంథాలయంలోదే దిక్కు. దాన్ని తేమ, చెద, నిప్పు, యుద్ధం నాలుగు వైపుల నుంచీ తినేస్తున్నాయి. కంప్యూటర్లోకి ఎక్కించి భద్రపరిచాం అని కొన్నిచోట్ల చెబుతున్న మాట కూడా సగమే నిజం. ఆ సగం నిజం చెద కన్నా ప్రమాదకరం.

ఆఫ్రికా గొడవ మనకెందుకు అనుకునే పాఠకులు కాస్త ఓపిక పట్టాలి. ఆఫ్రికా గురించి ఆఫ్రికావారు రాసిన గ్రంథాల్లో కొన్ని మన విశాఖపట్నంలోనే ఉన్నాయి. ఆ సంగతికి తరవాత వస్తాం.

2021 ఏప్రిల్ 18, ఆదివారం. కేప్‌టౌన్‌లో టేబుల్ మౌంటెన్ వాలు మీద రేగిన కార్చిచ్చు గాలికి ఎగిరి కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలోని జాగర్ గ్రంథాలయానికి అంటుకుంది. పఠన మందిరం పైకప్పుతో సహా బూడిదైంది. ఆఫ్రికా అధ్యయనాల విభాగం దశాబ్దాలుగా కూడబెట్టిన అచ్చు పుస్తకాలు, కరపత్రాలు, ప్రభుత్వ నివేదికలు కలిపి సుమారు 70 వేలు పోయాయి. అగ్నినిరోధక తలుపులు సమయానికి మూసుకోవడంతో నేలమాళిగల్లోని పాత పత్రాలు మంటల నుంచి బయటపడ్డాయి. కానీ మంటలార్పడానికి కొట్టిన నీళ్లన్నీ కిందికే దిగాయి. తడిసిన పెట్టెలను క్రేట్లలోకి ఎత్తి బయటికి మోయడానికి వాలంటీర్లు వారాల తరబడి పనిచేశారు. అదే గ్రంథాలయానికి చెందిన బ్లీక్, లాయిడ్ సేకరణ పరిస్థితి వేరు. 19వ శతాబ్దంలో ఇద్దరు పరిశోధకులు అక్కడి ఆదివాసుల నోట విని రాసుకున్న నోటు పుస్తకాలవి. వాటిలో ఎక్కువ భాగం ఏ భాషలో ఉందో దాన్ని మాట్లాడేవారు ఇప్పుడు లేరు. పుటపుటనూ ఫొటో తీసి అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఇంటర్నెట్‌లో పెట్టారు. కాగితం కాలినా అందులోని మాట మిగిలేది. ఒకే భవనంలో రెండు రకాల భవిష్యత్తులు ఉండటమంటే అదే.

దక్షిణాఫ్రికా ఆ ఖండంలో కాస్త కలిగిన దేశం. అగ్నినిరోధక తలుపులున్నాయి, బీమా ఉంది, సహాయానికి నిపుణులున్నారు. మిగతా చోట్ల ఏముంది? అంతకు ఏడు నెలల ముందు, 2020 సెప్టెంబరు 20న, ఉగాండాలోని మకెరెరె విశ్వవిద్యాలయం పాలనా భవనం తగలబడింది. తూర్పు ఆఫ్రికా నాయకుల్లో, రచయితల్లో ఎంతో మంది చదువుకున్న చోటది. 2023 ఏప్రిల్ 15న సూడాన్‌లో సైన్యానికీ పారామిలటరీ దళానికీ యుద్ధం మొదలైంది. కొద్ది వారాల్లోనే ఒమ్‌దుర్మాన్ అహ్లియా విశ్వవిద్యాలయంలో, సూడాన్ అధ్యయనాలకు పేరుపడ్డ మొహమ్మద్ ఒమర్ బషీర్ కేంద్రం గ్రంథాలయం కాలిపోయింది. ఖార్టూమ్ విశ్వవిద్యాలయం ఉన్న నగర నడిబొడ్డే యుద్ధరంగమైంది. 1902లో గోర్డన్ స్మారక కళాశాలగా మొదలైన ఆ సంస్థ అరల్లో నైలు నది మీద, పత్తి సాగు మీద, కాలాజార్ వ్యాధి మీద రాసిన గ్రంథాలెన్ని ఉన్నాయో, వాటిలో ఎన్ని మిగిలాయో తెలుసుకోవాలంటే ముందు జాబితా ఉండాలి. ఆ జాబితా కూడా ఆ భవనంలోనే ఉంటే?

భవనం కాలితే వార్త అవుతుంది. చెద పట్టడం, బూజు పట్టడం, వర్షాకాలంలో కిటికీ పక్క అర తడవడం వార్త కావు. పోయేవాటిలో ఎక్కువ భాగం అలాగే పోతుంది.

పోతే పోయింది, డిగ్రీ కోసం రాసిన కాగితాలే కదా అనేవారు మన దగ్గరా ఉన్నారు, అక్కడా ఉన్నారు. థీసిస్‌ల మీద జోకులు మనకు కొత్త కావు. గైడూ, పరీక్షకుడూ, బైండింగు చేసినవాడూ తప్ప నాలుగో మనిషి చదవడని. అందులో నిజం లేకపోలేదు. కానీ ఆఫ్రికాలో పరిస్థితి ఒక విషయంలో వేరు. అక్కడ ఏ పంట గురించో, ఏ చెరువు గురించో, ఏ చిన్న భాష గురించో జరిగిన మొదటి పరిశోధన, చాలాసార్లు ఏకైక పరిశోధన, థీసిస్‌లోనే ఉంటుంది. పాశ్చాత్య పత్రికలకు ఆ విషయాలు పట్టవు. స్థానిక పత్రికలు రెండు సంచికలొచ్చి ఆగిపోతాయి. విక్టోరియా సరస్సునే తీసుకోండి. 1950లలో అందులోకి నైలు పెర్చ్ అనే పెద్ద చేపను వదిలారు. తరవాతి దశాబ్దాల్లో అది స్థానికంగా ఉన్న వందల రకాల చిన్న చేపలను మింగేసింది. ఆ చేపలు ఇంకా ఉన్న రోజుల్లో ఏ విద్యార్థి అయినా వల వేసి లెక్కపెట్టి రాసుకున్న పట్టిక ఉంటే, దాన్ని ఇవాళ ఎంత డబ్బు పోసినా మళ్లీ తయారు చేయలేం. చేపలే లేవు మరి.

వంగారీ మాథాయ్‌ని మనం చెట్లు నాటిన మనిషిగా, 2004 నోబెల్ శాంతి బహుమతి గ్రహీతగా ఎరుగుదుం. 1971లో నైరోబీలో పశువుల శరీర నిర్మాణం మీద పీహెచ్‌డీ పొందిన మహిళ కూడా ఆమే. తూర్పు, మధ్య ఆఫ్రికాల్లో డాక్టరేట్ అందుకున్న తొలి స్త్రీ. ఆమె పేరు వల్ల ఆ థీసిస్‌ను ఎవరో ఒకరు వెతుకుతారు. ఆమె పక్క బల్ల మీద కూర్చుని చదివి, ఊరికి వెళ్లి పాఠాలు చెప్పుకుని రిటైరైన వారి థీసిస్‌ను ఎవరు వెతుకుతారు?

వెతికినా దొరకకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఒక ఉదాహరణ ఉంది. అది థీసిస్ కథ కాదు, పత్రికా వ్యాసం కథ. కానీ తాళం అదే తాళం. 2014లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా చెలరేగినప్పుడు ఆ రోగం ఆ ప్రాంతానికి కొత్తదని అందరూ అనుకున్నారు. గినీ, లైబీరియా, సియెర్రా లియోన్‌లలో ఆస్పత్రులు సిద్ధంగా లేవు. నర్సులకు చేతి తొడుగులు కూడా లేవు. 11 వేలకు పైగా మనుషులు పోయారు. 2015 ఏప్రిల్‌లో లైబీరియా ప్రధాన వైద్యాధికారి బెర్నిస్ డాన్, ఇద్దరు సహచరులు న్యూయార్క్ టైమ్స్‌లో ఒక విషయం బయటపెట్టారు. లైబీరియన్ల రక్తంలో ఎబోలా యాంటీబాడీలు కనిపించాయనీ, ఆ దేశాన్ని కూడా ఎబోలా ప్రాంతంగా లెక్కించాలనీ యూరప్ శాస్త్రవేత్తలు 1982లోనే ఒక వ్యాసంలో రాశారు. రాసినవారిలో లైబీరియన్ ఒక్కరూ లేరు. ఆ వ్యాసం లైబీరియా చేరలేదు. 2015లో దాన్ని డౌన్‌లోడ్ చేసుకోవాలన్నా 45 డాలర్లు అయ్యేది. అప్పట్లో అక్కడి వైద్యుడికి అది సగం వారం జీతం. రక్తం వారిది, జబ్బు వారిది, చావులూ వారివే. హెచ్చరిక మాత్రం ఇంకెవరి అల్మరాలోనో ముప్పై రెండేళ్లు పడి ఉంది.

ఇక ఆ సగం నిజం గురించి.

ఆఫ్రికా విశ్వవిద్యాలయాలు ఏమీ చేయలేదనడం అన్యాయం. అక్రాలో కార్యాలయమున్న ఆఫ్రికా విశ్వవిద్యాలయాల సంఘం 2000ల తొలి ఏళ్లలోనే డాటాడ్ పేరిట ఆఫ్రికా సిద్ధాంత గ్రంథాల డేటాబేస్ మొదలుపెట్టింది. ఫోర్డ్, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్లు డబ్బిచ్చాయి. 11 సంస్థలతో ప్రయోగం సాగింది. మొదట సారాంశాలు మాత్రమే, తరవాత పూర్తి పాఠాలు. ఇవాళ ఘనా విశ్వవిద్యాలయం బామ్ గ్రంథాలయంలో, నైరోబీలో, ప్రిటోరియాలో, స్టెలెన్‌బాష్‌లో, దూరవిద్యకు పేరున్న యునీసాలో వేల థీసిస్‌లు ఎవరైనా తెరిచి చదవొచ్చు. ఫ్రెంచి మాట్లాడే దేశాల కోసం వాగడూగులోని కామెస్ సంస్థ తన భాండాగారం తాను పెట్టుకుంది. ఇథియోపియా 2019లో జాతీయ విధానమే తెచ్చింది: ప్రభుత్వ డబ్బుతో చేసిన పరిశోధన అందరికీ తెరిచి ఉండాలని.

అయితే అసలు ఇబ్బంది ప్రారంభోత్సవం మర్నాడు మొదలవుతుంది. ఈ భాండాగారాల్లో ఎక్కువ భాగం డీస్పేస్ మీద నడుస్తాయి. 2002లో ఎంఐటీ, హ్యూలెట్ ప్యాకర్డ్ కలిసి విడుదల చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. సాఫ్ట్‌వేర్ ఉచితమే, దాన్ని చూసుకునే మనిషి ఉచితం కాదు. దాత డబ్బుతో సర్వర్ కొంటారు, రిబ్బన్ కత్తిరిస్తారు, ఒక కుర్రాడికి శిక్షణ ఇస్తారు. రెండేళ్లకు ఆ కుర్రాడికి టెలికాం కంపెనీలో మూడు రెట్ల జీతం దొరుకుతుంది. కొత్త వైస్‌ఛాన్సలర్ వచ్చి యూనివర్సిటీ వెబ్‌సైట్ మార్పిస్తే పాత లింకులన్నీ చస్తాయి. వర్షన్ అప్‌గ్రేడ్ చేసేవారుండరు, హ్యాకర్లు దూరుతారు. డొమైన్ రుసుము కట్టాల్సిన ఫైలు ఎవరి బల్ల మీదో ఆగుతుంది. గూగుల్‌లో శీర్షిక కనిపిస్తుంది, నొక్కితే ఖాళీ పేజీ. ఈలోగా 'స్కాన్ అయిపోయింది కదా' అన్న ధీమాతో కాగితం ప్రతులను అటక మీదికి తోసేస్తారు. జాగా లేకపోతే పాత కాగితాల వాడికి వేస్తారు. చెద తినడానికైనా ఇరవై ఏళ్లు పట్టేది. ఈ ధీమా ఆ పనిని ఒక్క వేసవి సెలవుల్లో ముగిస్తుంది.

పేద దేశాలు కాబట్టి ఇలా అనుకోకండి. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగింది. బ్రిటన్ విశ్వవిద్యాలయాల ఆరు లక్షలకు పైగా థీసిస్‌ల వివరాలున్న ఈథాస్ సేవ ఆ దెబ్బకు మూతపడి, నెలలు గడిచినా తెరుచుకోలేదు. ఆఫ్రికా పండితుల్లో ఎన్నో తరాలు బ్రిటన్‌లో డాక్టరేట్లు చేశాయి. వారి పరిశోధనను వెతికే దారి కూడా దాంతోనే మూసుకుంది. 2024 మార్చి 14న కోట్ డివ్వార్ తీరం దగ్గర సముద్రం అడుగున నాలుగు కేబుళ్లు ఒకేసారి దెబ్బతింటే పశ్చిమ ఆఫ్రికాలో ఎన్నో దేశాలకు ఇంటర్నెట్ కుప్పకూలింది. తమ విద్యార్థుల థీసిస్‌లను విదేశీ సర్వర్‌లో దాచుకున్న విశ్వవిద్యాలయానికి ఆ రోజు తన పుస్తకం తనకే అందదు. ఊళ్లోనే సర్వర్ పెట్టుకుంటేనో? ఇథియోపియాలోని టిగ్రాయ్‌లో 2020 నవంబరులో యుద్ధం మొదలయ్యాక ఇంటర్నెట్, ఫోన్లు దీర్ఘకాలం ఆపేశారు. మెకెల్లె, అక్సుమ్, అదిగ్రాత్ విశ్వవిద్యాలయాలు బయటి లోకానికి కనిపించకుండా పోయాయి. కాబట్టి ఊళ్లో ఒక ప్రతి, దేశంలో ఇంకోచోట ఒక ప్రతి, ఖండం దాటి ఒక ప్రతి ఉండాలి. ఇందులో ఏ ఒక్కటి తగ్గినా ప్రమాదమే.

ఈ పాఠం తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. తెలుగువాడైన రాజ్ రెడ్డి చొరవతో నడిచిన పది లక్షల పుస్తకాల పథకంలో భాగంగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వచ్చింది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ అందులో పెద్ద కేంద్రం. పాత తెలుగు పుస్తకాలు వేలకు వేలు అందులోకి ఎక్కాయి. స్కానింగు వంకరగా ఉన్నా, పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వారు కొట్టినా, మనం కళ్లకద్దుకుని దించుకున్నాం. తరవాత కాపీరైటు చిక్కుల మధ్య ఆ సైటే మూతపడింది. ఇవాళ ఆ పుస్తకాలు మనం చదువుకోగలుగుతున్నామంటే, అంతకుముందే వాటిని ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లోకి నకలు చేసినవారి పుణ్యం. ప్రభుత్వ ప్రణాళికలో ఆ రెండో ప్రతి లేదు. కొందరి పట్టుదల వల్ల మిగిలింది. ఆఫ్రికా థీసిస్‌లకు అలాంటి పట్టుదల గల మనుషులు దొరుకుతారో లేదో. దొరుకుతారన్న ఆశ మీద విధానం నడపకూడదు.

ఇంకో పోలిక కూడా మనకు బాగా తెలిసిందే. 1990లలో, 2000లలో థీసిస్ చివరి అట్టకు లోపల ఒక సీడీ అంటించి ఇవ్వడం ఆనవాయితీ. ఇవాళ ఆ సీడీ తెరుచుకుంటే అదృష్టం. తెరుచుకున్నా లోపల తెలుగు అను ఫాంట్‌లో ఉంటే, ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో కనిపించేది గజిబిజి. దాన్ని పీడీఎఫ్ చేసి నెట్‌లో పెట్టినా కంటికి కనిపిస్తుంది కానీ వెతికితే దొరకదు. ఇథియోపియా భాష అమ్‌హరిక్‌లోనూ అచ్చంగా ఇదే తంటా. యూనికోడ్‌లోకి ఆ లిపి వచ్చింది 1999లో. అంతకుముందూ ఆ తరవాత చాలా కాలమూ పవర్ గీజ్, విజువల్ గీజ్ లాంటి సొంత ఫాంట్లలోనే టైపు చేశారు. అచ్చయిన అమ్‌హరిక్ అక్షరాలను కంప్యూటర్ చదివేలా చేయడం ఎలా అన్న దాని మీద అడిస్ అబాబా విశ్వవిద్యాలయంలో 1990ల నుంచే ఎమ్మెస్సీ థీసిస్‌లు వచ్చాయి. ఏ సమస్య వల్ల అక్కడి థీసిస్‌లు వెతికినా దొరకవో, ఆ సమస్యకు పరిష్కారం రాసిన థీసిస్‌లవి. వాటిని ముందు వెతికి బయటికి తీయాలి.

ఇప్పుడు డబ్బు సంగతి, కోర్టు సంగతి. గుర్తింపు, గౌరవం లాంటి మాటలకు కరగని ఆర్థిక శాఖ అధికారులకు ఈ భాగం.

అమెరికాలో 1986లో ఒక పేటెంటు వివాదం వచ్చింది. కొత్తగా కనిపెట్టాననుకున్నది అంతకుముందే జర్మనీలో ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయంలో సమర్పించిన ఒక డాక్టరేట్ గ్రంథంలో ఉంది. ఎక్కడో జర్మనీలో, ఒక్క గ్రంథాలయంలో ఉన్న ఒక్క థీసిస్. అయినా ఆ గ్రంథాలయం దాన్ని కేటలాగులో ఎక్కించింది కాబట్టి అది లోకానికి అందుబాటులో ఉన్నట్టేనని ఫెడరల్ అప్పీళ్ల కోర్టు తేల్చింది. పేటెంటు దక్కలేదు. మూడేళ్లకు, 1989లో, అదే కోర్టు ముందుకు ఇంకో కేసు. ఈసారి ఆరెగాన్ రాష్ట్రంలోని రీడ్ కాలేజీ విద్యార్థుల థీసిస్‌లు. అవీ గ్రంథాలయంలో ఉన్నాయి. కానీ వాటి పట్టిక అంటే విద్యార్థి పేరుతో అక్షరక్రమంలో పేర్చిన కార్డులు, ఒక బూట్ల అట్టపెట్టెలో. విషయాన్ని బట్టి వెతికే దారి లేదు. కాబట్టి అవి ప్రజలకు అందుబాటులో లేనట్టేనని కోర్టు తీర్పు. విషయసూచిక లేని థీసిస్ ఆ కోర్టు దృష్టిలో అచ్చు కానట్టే లెక్క.

ఆఫ్రికాలో ఎన్ని థీసిస్‌లు ఇంకా బూట్ల పెట్టె దశలోనే ఉన్నాయో ఊహించండి. వాటిలో మొక్కల మందుల మీద, స్థానిక విత్తనాల మీద, ధాన్యం నిలవ పద్ధతుల మీద ఏముందో ఊహించండి. ఇథియోపియా ప్రజలు రోజూ తినే ఇంజెరా రొట్టెకు మూలం తెఫ్ గింజ. దాని పిండి మీద నెదర్లాండ్స్ కంపెనీ ఒకటి యూరప్‌లో పేటెంటు తీసుకుంది. 2018లో హేగ్ కోర్టు అందులో ఆవిష్కరణ అనదగ్గదేమీ లేదని కొట్టేసేదాకా ఏళ్లు గడిచాయి. మన పసుపు కథ కూడా గుర్తుండే ఉంటుంది. గాయాలకు పసుపు వాడటం మీద 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు. సీఎస్‌ఐఆర్ పోరాడి 1997లో రద్దు చేయించింది. మా అమ్మమ్మకు తెలుసు అని వాదిస్తే అక్కడ చెల్లదు. అచ్చయిన ఆధారాలు చూపాలి. చూపినవాటిలో 1953లో భారత వైద్య సంఘం పత్రికలో వచ్చిన వ్యాసం ఒకటి. ఆ సంచిక ఎవరో భద్రపరిచారు కాబట్టి పసుపు మనది అయింది.

అన్నీ తెరిచి పారేయమని మేం అనడం లేదు. ఇక్కడే తొందరపాటు ఇంకో ప్రమాదం తెస్తుంది. నాటు వైద్యుడు నమ్మి చెప్పిన మూలిక పేరు, అది దొరికే కొండ పేరు, తయారీ విధానం థీసిస్‌లో ఉన్నదున్నట్టు పెట్టేస్తే మొదట చదివేది మందుల కంపెనీ. లాభాల్లో స్థానికులకు వాటా ఇవ్వాలనే నగోయా ఒప్పందం 2014 నుంచి అమల్లో ఉంది. కానీ ఒప్పందం మాట వినేవారికే పనికొస్తుంది. హెచ్ఐవీ రోగుల ఇంటర్వ్యూలు, జాతి కలహాల బాధితుల పేర్లు ఉన్న గ్రంథాలూ ఉంటాయి. వాటిని స్కాన్ చేయాలి, భద్రపరచాలి, శీర్షికా సారాంశమూ అందరికీ కనిపించాలి. పూర్తి పాఠం ఎవరికి, ఎప్పుడు తెరవాలో ఒక సంఘం కూర్చుని తేల్చాలి. ఆ నిర్ణయం తేలలేదని భద్రపరిచే పని ఆపకూడదు. ఈ రెండూ వేరు వేరు పనులు. వీటిని కలిపేసి కమిటీలు వేసుకుంటూ కూర్చునే కళ విశ్వవిద్యాలయాలకు పుట్టుకతో వచ్చింది.

పెద్ద అభ్యంతరం వేరే ఉంది, దాన్ని పైకి మర్యాదగా చెబుతారు: ఆన్‌లైన్‌లో పెడితే మా విద్యార్థుల శ్రమను దొంగిలిస్తారు. దొంగతనం ఇప్పుడు జరగడం లేదా? చీకటి గదిలో ఉన్న థీసిస్‌ను పక్క రాష్ట్రం విద్యార్థి పేరు మార్చి సమర్పిస్తే పట్టుకునేవారెవరు? తెరిచి ఉన్న గ్రంథంలోంచి రెండు పేజీలు ఎత్తితే ఇవాళ సాఫ్ట్‌వేర్ నిమిషంలో రంగు పూసి చూపిస్తుంది. నిజానికి కొన్నిచోట్ల భయం భవిష్యత్తు దొంగల గురించి కాదు. పాత థీసిస్‌లు బయటికొస్తే ఇప్పటికే ప్రొఫెసర్లయినవారి పేజీలకు రంగు పడుతుందన్న దిగులు. మన దగ్గర శోధ్‌గంగ వచ్చినప్పుడూ ఈ గుసగుసలు విన్నాం. యూజీసీ 2009లో నిబంధన పెట్టి ప్రతి పీహెచ్‌డీ ఎలక్ట్రానిక్ ప్రతి ఇవ్వాల్సిందేనంది. ఇవాళ గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఆ భాండాగారంలో 5 లక్షలకు పైగా గ్రంథాలున్నాయి. ఆకాశం విరిగి పడలేదు. కొన్ని పరువులు మాత్రం పడ్డాయి.

తొందర ఎందుకంటే ఇంకొక కారణం కూడా చేరింది. ఇప్పుడు రైతు సలహా కేంద్రం నుంచి వైద్య విద్యార్థి దాకా ప్రశ్నను కృత్రిమ మేధను అడుగుతున్నారు. అది ఎక్కువగా నెట్‌లో ఉన్నదాన్నే నేర్చుకుంటుంది. మలావీ మొక్కజొన్న గురించి అడిగితే అయోవా మొక్కజొన్న గురించి చదివిన బుర్రతో ధీమాగా జవాబు చెబుతుంది. మలావీ విద్యార్థి పొలంలో రెండు పంట కాలాలు నిలబడి రాసింది అరలోనే ఉంది. తప్పుడు జవాబు వచ్చిందని తెలుసుకోవడానికి కూడా ఆ అర తెరవాలి.

ఇక విశాఖపట్నం మాట. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఇథియోపియా నుంచి పెద్ద సంఖ్యలో విద్యార్థులు వచ్చి డాక్టరేట్లు చేసి వెళ్లారు. ఉస్మానియాకూ ఆఫ్రికా దేశాల నుంచి వస్తూనే ఉన్నారు. వారు రాసింది ఎక్కువగా తమ దేశం గురించే: అక్కడి సహకార సంఘాలు, బ్యాంకులు, కాఫీ ఎగుమతులు, స్త్రీల ఉపాధి, స్థానిక పాలన. అటు మన అధ్యాపకులు కూడా గత పాతికేళ్లలో అడిస్ అబాబా, గోండార్, బహిర్ దార్, మెకెల్లె, హరమాయ విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెప్పి, థీసిస్‌లకు గైడ్లుగా ఉండి తిరిగొచ్చారు. అంటే ఇథియోపియా గురించిన పరిశోధనలో ఒక వాటా బీచ్ రోడ్డుకు కూతవేటు దూరంలో ఉంది, ఇంకో వాటా మన రిటైర్డ్ ప్రొఫెసర్ల ఇళ్లలో, పాత హార్డ్‌డిస్కుల్లో ఉంది. అడిస్ అబాబాలో పరిశోధకుడు దాని కోసం లండన్‌కు ఉత్తరాలు రాస్తుంటే మనం వాళ్ల పిల్లను మన చంకలో పెట్టుకుని, ఊరంతా వెతుకుతున్న వాళ్లను చూస్తూ ఊరుకుంటున్నాం. 2009 తరవాతివి కొన్ని శోధ్‌గంగలో దొరకొచ్చు. అంతకు ముందువాటి గతి మన సొంత పాత తెలుగు థీసిస్‌ల గతే.

అందుకని ఏం చేయాలి? స్కానర్లు కొనడంతో మొదలుపెట్టొద్దు. స్కానర్ కొంటే ఫొటో వస్తుంది, పని రాదు. ముందు జాబితా. పేరు, శీర్షిక, ఏడాది, విభాగం, విషయం, ఏ అరలో ఉంది, ఇంకో ప్రతి ఎక్కడుంది, కాగితం ఏ స్థితిలో ఉంది. మొబైల్‌తో ముఖపత్రం, సారాంశం పేజీ ఫొటో తీసి ఒక స్ప్రెడ్‌షీట్‌లో కొట్టే ఈ పనికి గ్రంథాలయ శాస్త్రం చదివే విద్యార్థులు ఒక సెమిస్టర్ ఉంటే చాలు. ఆ జాబితాను అదే రోజు నెట్‌లో పెట్టాలి. భవనం బయట రెండు చోట్ల దాచాలి. ఫ్రైబర్గ్ కేసులో గెలిచింది కేటలాగు కార్డు, స్కానింగు కాదు. జాబితా పూర్తయ్యాక ఒకే ప్రతి ఉన్నవాటిని, పొడిపొడిగా రాలుతున్నవాటిని, యుద్ధభయం ఉన్న ఊళ్లలోనివాటిని ముందు స్కాన్ చేయాలి. ఎక్కువ మంది అడిగేవి తరవాత చేసినా ఫర్వాలేదు. అడిగేవారున్న పుస్తకం ఎలాగోలా బతుకుతుంది. స్కాన్ అయ్యాక కాగితం ప్రతిని పారేసే అధికారం ఎవరికీ ఉండకూడదు, గ్రంథాలయాధికారికి కూడా.

డబ్బిచ్చే సంస్థలకు ఒక మాట. సర్వర్‌కు ఇచ్చే రూపాయిలో సగం పదేళ్ల పాటు ఆ మనిషి జీతానికి కట్టిపెట్టండి. ప్రాజెక్టు పేరుతో కొత్త పోర్టల్ వద్దు. ఆ విశ్వవిద్యాలయానికి ఉన్న పాత భాండాగారాన్నే బాగు చేయండి. ప్రారంభోత్సవం ఫొటోలు అడగొద్దు. మూడేళ్ల తరవాత ఎన్ని లింకులు పనిచేస్తున్నాయో లెక్క అడగండి.

మన రాష్ట్రాల్లో ఆఫ్రికా విద్యార్థులను చేర్చుకున్న ప్రతి విశ్వవిద్యాలయమూ వారికి ఇచ్చిన డాక్టరేట్ల జాబితాను ఈ విద్యా సంవత్సరం లోపలే బయటపెట్టాలి. ఎన్రోల్‌మెంట్ రిజిస్టర్లు పరీక్షల విభాగంలో ఉన్నాయి, గ్రంథాలు గ్రంథాలయంలో ఉన్నాయి, ఫీజులు అప్పుడే వసూలయ్యాయి. దీనికి కొత్త నిధులు అక్కర్లేదు, ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. జాబితా చేతికొచ్చాక ఒక్కొక్క థీసిస్ స్కాన్ ప్రతిని రాసినవారికీ, వారి దేశ జాతీయ భాండాగారానికీ పంపడానికి ఈమెయిల్ చాలు. రిటైరైన గైడ్లు తమ అల్మరాలోని ప్రతులను పాత పేపర్లతో కలిపి తూకానికి వేయకముందు ఒకసారి విభాగానికి ఫోన్ చేయాలి.